బ్రోషర్‌లోని ఆ మాటకు జవాబు: హెరాత్ అమ్మాయిల రోబో



పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్ అయ్యాక ఎనిమిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు రోబోటిక్స్ ల్యాబ్ దాకా వచ్చారు. "సార్, రోబోటిక్స్‌తో లీడర్‌షిప్ స్కిల్స్ వస్తాయని బ్రోషర్‌లో వేశారు. కోడింగ్ వస్తుందంటే నమ్ముతాను. లీడర్‌షిప్ ఎలా వస్తుంది? మోటారుకు వైరు కలిపితే వస్తుందా?" అని అడిగారు.

"టీమ్ వర్క్ అండీ, కమ్యూనికేషన్ అండీ" అని నాకు తోచింది చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపి వెళ్లారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నిజానికి నేను చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఫీజు కడుతున్న ప్రతి ఒక్కరూ అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు నేను చెప్పడం కంటే అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ అమ్మాయిల సంగతి మీ ముందు పెట్టడం మేలనిపించింది. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

హెరాత్ ఎక్కడుంది?

మ్యాప్ తీయండి. అఫ్గానిస్తాన్‌కు పడమటి చివర, ఇరాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. కుంకుమ పువ్వు పండే నేల, నీలిరంగు పలకల మసీదు, పాత కోట ఉన్న ఊరు. 1996 నుంచి 2001 వరకు తాలిబాన్ మొదటిసారి పాలించినప్పుడు అక్కడ ఆడపిల్లల చదువు నిషేధం. కుట్టు నేర్చుకోవడానికి మాత్రం అనుమతి ఉండేది. అందుకని కొందరు మహిళలు గుడ్డల సంచుల్లో నోటుపుస్తకాలు దాచుకుని 'బంగారు సూది' అనే కుట్టు స్కూలుకు వెళ్లేవారు. లోపల యూనివర్సిటీ అధ్యాపకులు సాహిత్యం చెప్పేవారు. ఎవరైనా వస్తే తెలియడానికి పిల్లలు బయట ఆడుతూ కాపలా ఉండేవారు. ఈ ఊళ్లో చదువుకు అలాంటి చరిత్ర ఉంది.

2001 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. హెరాత్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివిన ఇద్దరు మహిళల పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకరు రోయా మహబూబ్. 2010లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి అమ్మాయిలకు ప్రోగ్రామర్లుగా ఉద్యోగాలిచ్చారు. 2013లో టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావశీలురైన వందమంది జాబితాలో ఆమె పేరు వేసింది. తర్వాత అమ్మాయిలకు కంప్యూటర్ నేర్పే సంస్థ నడిపారు. రోబోటిక్స్ జట్టు దాన్నుంచే పుట్టింది. రెండోవారు ఫెరెష్తె ఫొరూ. ఇరాన్‌లో శరణార్థి కుటుంబంలో పుట్టారు. జర్మనీలో పై చదువు చదివి, హెరాత్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2015లో అదే ఊళ్లో అమ్మాయిల కోసం కోడింగ్ స్కూలు తెరిచారు. పేరు 'కోడ్ టు ఇన్‌స్పైర్'. అక్కడి ఒక విద్యార్థిని చేసిన మొబైల్ గేమ్‌లో అఫ్గాన్ సైనికుడు నల్లమందు తోటల్ని తుడిచిపెట్టాలి. మన పిల్లలు రోజూ ఫోన్‌లో ఆడే గేముల గురించి మనం గొడవపడుతుంటాం కదా. తన దేశాన్ని పీడిస్తున్న సమస్యను తీసుకుని గేమ్ చేయవచ్చని ఆ అమ్మాయికి తోచింది చూడండి.

పెట్టె రాలేదు

2017లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఫస్ట్ గ్లోబల్ అనే రోబోటిక్స్ పోటీ తొలిసారి జరిగింది. 150కి పైగా దేశాల హైస్కూలు పిల్లలు. అందరికీ ఒకే రకం కిట్: అవే మోటార్లు, అవే చక్రాలు, అవే లోహపు పట్టీలు. దానితో ఎవరి రోబో వారు కట్టుకోవాలి. ఆ ఏడాది అంశం తాగునీరు. నీలం బంతులు మంచినీరు, నారింజ బంతులు కలుషితం. రోబో వాటిని వేరుచేయాలి.

అఫ్గానిస్తాన్ నుంచి హెరాత్ అమ్మాయిలు ఆరుగురు ఎంపికయ్యారు. మిగతా దేశాల పిల్లలకు మార్చిలోనే కిట్లు అందాయి. వీళ్ల పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోయింది. యుద్ధం నడుస్తున్న దేశంలోకి మోటార్లు, వైర్లు, బ్యాటరీలు వస్తున్నాయంటే ఎవరికైనా అనుమానమే. నెలలు గడిచాయి. ఆ నెలల్లో అమ్మాయిలు దొరికిన సామానుతో మోటారుతో కదిలే చిన్న చిన్న యంత్రాలు కట్టి చూసుకుంటూ ఉన్నారు. చివరికి కిట్ చేతికొచ్చేసరికి మిగిలింది రెండు వారాలు. ఇతరులకు నాలుగు నెలలు దొరికాయి.

నేను రోజూ పిల్లలతో ఇదే పని చేస్తాను కాబట్టి ఒక మాట చెప్పగలను. రెండు వారాల్లో రోబో కట్టడం పెద్ద వింత కాదు. కిట్ రాని నెలల్లో పని ఆపకపోవడం నాకు వింతగా కనిపిస్తుంది. మా ల్యాబ్‌లో ఒక సెన్సర్ రెండు రోజులు ఆలస్యమైతే పిల్లలు బెంచీల మీద తలలు వాల్చేస్తారు. తప్పు వాళ్లది కాదు. చేతిలో ఉన్నదానితో ఏం మొదలుపెట్టవచ్చని వాళ్లను ఎప్పుడూ ఎవరూ అడగలేదు. నేనూ పెద్దగా అడగలేదు.

ఇక వీసా. హెరాత్ నుంచి కాబూల్ దాదాపు 800 కిలోమీటర్లు. విశాఖ నుంచి తిరుపతి కన్నా కొంచెం ఎక్కువే అనుకోండి, కానీ దేశమంతా యుద్ధంలో ఉంది. ఇంటర్వ్యూకు వెళ్లారు, వీసా నిరాకరించారు. మళ్లీ అంత దూరం వెళ్లారు, మళ్లీ నిరాకరించారు. రోబోకు మాత్రం అడ్డు లేదు, అది అమెరికాకు బయలుదేరింది! అమ్మాయిలు హెరాత్‌లో కూర్చుని వీడియో కాల్‌లో తమ రోబో ఆడుతుంటే చూడాలన్నది అప్పటి ఏర్పాటు. ఈ వార్త ప్రపంచమంతా తిరిగి, చివరికి అమెరికా అధ్యక్షుడి స్థాయిలో జోక్యం జరిగి, పోటీకి నాలుగు రోజుల ముందు అనుమతి వచ్చింది.

ఆ పోటీలో కష్ట పరిస్థితుల్లో పట్టు వదలని జట్లకు ఇచ్చే పతకాల్లో వీరికి వెండి దక్కింది. బంగారు పతకం దక్షిణ సూడాన్ పిల్లలకు వెళ్లింది. అది 2011లో పుట్టి, రెండేళ్లకే అంతర్యుద్ధంలో పడిన దేశం. సిరియా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థి పిల్లల జట్టు కూడా అక్కడ ఆడింది. ఆ హాల్లో ఏ పిల్లల నేపథ్యం ఏమిటో తెలుసుకుంటే మన ఇంటర్ స్కూల్ పోటీల్లో మార్కుల కోసం జడ్జీలతో వాదించే పెద్దవాళ్లం కాసేపు మౌనంగా ఉంటామేమో.

పతకంతో ఇంటికి చేరిన కొద్దిరోజులకే, ఆగస్టు 1న, హెరాత్‌లోని ఒక మసీదు మీద ఆత్మాహుతి దాడి జరిగింది. చనిపోయినవారిలో జట్టు కెప్టెన్ ఫాతిమా ఖాదిర్యాన్ తండ్రి ఉన్నారు. సాధారణంగా ఇలాంటి విజయగాథలు చెప్పేటప్పుడు ఈ వాక్యం వదిలేస్తారు. వదిలేయకూడదు. యుద్ధం ఉన్న చోట నేర్చుకోవడమంటే ఏమిటో ఈ ఒక్క సంగతితో తెలుస్తుంది. అదే ఏడాది నవంబరులో ఎస్టోనియాలో జరిగిన రోబోటెక్స్ పోటీలో చిన్న రైతులకు పనికొచ్చే, సౌరశక్తితో నడిచే రోబో నమూనాకు ఈ జట్టు బహుమతి గెలిచింది.

కారు మోటారు, బైకు గొలుసు

నా ఉద్దేశంలో ఆ పతకాల కన్నా పెద్దది 2020లో జరిగింది. కరోనా వచ్చింది. ఇరాన్‌లో పనిచేసే అఫ్గాన్ కూలీలు వేలల్లో సరిహద్దు దాటి తిరిగొచ్చారు, హెరాత్‌లో వ్యాధి ముందుగా ప్రబలింది. మూడున్నర కోట్ల మందికి పైగా ఉన్న దేశంలో వెంటిలేటర్లు కొన్ని వందలే. హెరాత్ గవర్నర్ సాయం అడిగారు.  అప్పటికి జట్టుకు సుమయ్యా ఫారూఖీ అనే 17 ఏళ్ల అమ్మాయి కెప్టెన్.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పండి. అంబులెన్సులో ఆంబూ బ్యాగ్ చూసే ఉంటారు. ఊపిరాడని రోగి ముఖానికి మాస్కు పెట్టి, దానికి తగిలించిన మెత్తటి సంచిని చేత్తో నొక్కుతారు. నొక్కితే గాలి లోపలికి వెళ్తుంది, వదిలితే సంచి మళ్లీ ఉబ్బుతుంది. నర్సు ఎంతసేపు నొక్కగలదు? గంట గడిస్తే చేయి పట్టేస్తుంది. ఆ నొక్కే పని మోటారుకు అప్పగించే డిజైన్‌ను అమెరికాలోని ఎంఐటీ ఇంజినీర్లు ఎవరైనా చేసుకోవచ్చని ఉచితంగా విడుదల చేశారు. వినడానికి తేలిక. కానీ నిమిషానికి ఎన్నిసార్లు నొక్కాలి, ఎంత గాలి పంపాలి, ఎంత ఒత్తిడి దాటకూడదు అన్నవి రోగిని బట్టి మారతాయి. ఒత్తిడి ఎక్కువైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఒక్కసారి ఆగినా ప్రమాదమే. ప్రదర్శనలో పది నిమిషాలు తిరిగితే చాలు అనుకునే మోడల్ కాదిది.

డిజైన్ దొరికింది. భాగాలు? లాక్‌డౌన్, దుకాణాలు మూత, విమానాలు బంద్. అప్పుడు వాళ్లు ఊళ్లో తిరిగే బండ్ల వైపు చూశారు. పాత టొయోటా కరోలా కారు మోటారు తీసుకున్నారు. మనకు మారుతి ఎలాగో ఆ దేశంలో కరోలా అలాగ, ఏ వీధిలో చూసినా అదే. హోండా మోటార్‌సైకిల్ గొలుసు తీసుకున్నారు. మెకానిక్ వర్క్‌షాపులో పని. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ఊహించుకోండి, అందులో ముఖానికి మాస్కులు, చేతులకు గ్లౌజులు తొడుక్కున్న అయిదుగురు ఆడపిల్లలు. అర్థం కాని చోట అమెరికాలోని నిపుణులను అడిగారు. ఒకటి చేశారు, సరిగా రాలేదు, మళ్లీ చేశారు. ఏప్రిల్‌లో మొదలైన పని జులైకి ఒక రూపానికి వచ్చింది. తేలిగ్గా మోసుకెళ్లవచ్చు, బ్యాటరీతో 10 గంటలు నడుస్తుంది, ఖర్చు సుమారు 700 డాలర్లు. బజారులో మామూలు వెంటిలేటర్ 20,000 డాలర్లు. అసలు వెంటిలేటర్‌కు ఇది సమానం కాదని, అది దొరకని అత్యవసర వేళ తాత్కాలికంగా ఆదుకోవడానికేనని వాళ్లే చెప్పారు. తమ యంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో స్పష్టంగా చెప్పడం కూడా ఇంజినీరు లక్షణమే అని మా పిల్లలకు నేను ఇక్కడ ఆగి చెబుతుంటాను.

ఈ మొత్తం సంగతిలో నాకు బాగా గుర్తుండిపోయినది మాత్రం యంత్రం కాదు. ఆ రోజుల్లో సుమయ్యా నాన్న పొద్దున్నే ఈ అమ్మాయిలను కారులో ఎక్కించుకుని, లాక్‌డౌన్ పోలీసు చెక్‌పోస్టులు తగలకుండా సందుగొందుల్లో తిప్పి వర్క్‌షాపు దగ్గర దింపేవారని వార్తల్లో వచ్చింది. చిన్నప్పుడు నాన్న కార్లు బాగుచేస్తుంటే చూసే తనకు ఇంజినీరింగ్ మీద ఇష్టం కలిగిందని ఆ అమ్మాయి చెప్పింది. అంటే ఆయనకు స్పానర్ పట్టడం బాగా వచ్చు. అయినా వార్తలో ఆయన కనిపించేది డ్రైవర్‌గానే. తీసుకెళ్లి దింపుతారు. లోపల పని పిల్లలది.

మనం అయితే ఏం చేస్తాం? నిజాయతీగా చెప్పుకుందాం. సైన్స్ ఎక్స్‌పో వారం ముందు మా ల్యాబ్‌కు వచ్చే మోడళ్లలో ఎన్ని పిల్లలు చేసినవో మాకు తెలుసు. థర్మాకోల్ కోతలు అమ్మవి, సోల్డరింగ్ నాన్నగారి ఆఫీసులో ఎలక్ట్రీషియన్‌ది. అదీ కుదరకపోతే స్టేషనరీ షాపులో రెడీగా దొరికే వర్కింగ్ మోడల్. రాత్రి పదకొండు దాకా మేలుకుని గమ్ అంటించే తల్లులు కూడా తెలుసు. అది ప్రేమే, కాదనను. తప్పులో మా వాటా కూడా ఉంది. అందంగా ఉన్నదానికి, తిరుగుతున్నదానికి మేమే మార్కులు వేశాం. చక్రం తిరగని మోడల్ తెచ్చి, ఎందుకు తిరగలేదో చక్కగా వివరించిన పిల్లకు రెండేళ్ల కిందట నేనే తక్కువ వేశాను. ఆ పిల్ల తర్వాత ల్యాబ్ వైపు రాలేదు.

ఇంకో సంగతి, ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకించి. మా టీముల్లో అమ్మాయిలు సగం ఉంటారు. కానీ ఓ పక్కన నిలబడి చూస్తే చార్టు రాయడం, రంగులు వేయడం, ఎక్స్‌పో రోజు వచ్చినవారికి వివరించడం అమ్మాయిల పని. స్క్రూడ్రైవర్, ల్యాప్‌టాప్ అబ్బాయిల చేతిలో. ఎవరూ ఆర్డర్ వేయలేదు, అలా జరిగిపోతుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి "ఇక ఫౌండేషన్ మీద దృష్టి పెట్టాలి సార్" అని ల్యాబ్ మాన్పించే తల్లిదండ్రుల్లో ఆడపిల్లల తల్లిదండ్రులే ఎక్కువ. హెరాత్‌లో ఒక అమ్మాయి ఇంటి గడప దాటి రోబో పట్టుకోవడానికి కుటుంబం ఎంత ధైర్యం చేయాల్సి వచ్చిందో చదివాక, మన ఇళ్లలో అడ్డేమిటో ఒక్కసారి లెక్కవేసుకోండి.

తర్వాత ఏమైంది

పిల్లలు తప్పకుండా అడుగుతారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబాన్ చేతిలోకి వెళ్లింది. జట్టులో కొందరు ఖతార్ చేరారు, కొందరికి మెక్సికో ఆశ్రయమిచ్చింది. సుమయ్యా ఖతార్ మీదుగా అమెరికా వెళ్లి ఇంజినీరింగ్ చదువులో చేరింది, ఇప్పుడు అఫ్గాన్ ఆడపిల్లల చదువు కోసం అంతర్జాతీయ వేదికల మీద మాట్లాడుతోంది. కానీ విమానం ఎక్కినవారు గుప్పెడు మంది. 2021 సెప్టెంబరు నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు అక్కడ స్కూలు లేదు. 2022 మార్చిలో తెరుస్తామన్నారు. పిల్లలు యూనిఫాంలు వేసుకుని వెళ్లారు, కొన్ని గంటల్లోనే వెనక్కి పంపేశారు. ఆ డిసెంబరులో యూనివర్సిటీలు కూడా మూసేశారు. యునెస్కో 2024 లెక్క ప్రకారం కనీసం 14 లక్షల మంది అమ్మాయిలు హైస్కూలు చదువుకు దూరమయ్యారు.

ఫెరెష్తె ఫొరూ కోడింగ్ స్కూలు హెరాత్‌లో తలుపులు మూసి ఆన్‌లైన్‌కు మారింది. ఒకప్పుడు గుడ్డల సంచిలో దాచిన నోటుపుస్తకం ఇప్పుడు ల్యాప్‌టాప్ అయింది. దానికీ ఇంటర్నెట్ కావాలి. 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతటా దాదాపు 48 గంటలు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఆ దారి కూడా ఎంత సన్ననిదో తెలిసింది. కాబట్టి రోబోటిక్స్ నేర్చుకుంటే ఏ కష్టమైనా తీరిపోతుందని ఈ కథ నుంచి తేల్చి మీకు అమ్మలేను. ఆ అమ్మాయిల్లో చాలామందికి తీరలేదు.

అయినా ఆ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. మోటారుకు వైరు కలిపితే లీడర్‌షిప్ రాదు. పెట్టె రానప్పుడు ఏం చేద్దామన్నది పిల్లలు తేల్చుకోవాలి, వీసా రాకపోతే మళ్లీ వెళ్దామా వద్దా అన్నదాంట్లో వాళ్లకూ మాట ఉండాలి, ఊరికి అవసరమైన యంత్రం ఏదో వాళ్లు గుర్తించాలి. అప్పుడు వస్తుంది. మన పిల్లలకు అలాంటి కష్టం రావాలని ఎవరూ కోరుకోరు. చిన్న నిర్ణయాలు మాత్రం వాళ్లకు వదలవచ్చు.

ఈసారి ఎక్స్‌పోకు

అందుకే ఈ ఏడాది ల్యాబ్ తరఫున పద్ధతి మారుస్తున్నాం. ప్రతి టీమ్ ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఏ రోజు ఏం చేశారు, ఏది పాడైంది, ఎవరిని అడిగారు, ఏం మార్చారు అన్నవి వాళ్ల చేతిరాతతో, తెలుగైనా ఇంగ్లిష్ అయినా సరే. సగం మార్కులు ఆ నోట్‌బుక్‌కే. పని చేయని మోడల్‌కు కూడా మార్కులుంటాయి, కారణం చెప్పగలిగితే. మోటారు, వైరింగ్, ప్రోగ్రామ్, చార్టు పనులు వారం వారం మారతాయి, ఎవరికీ శాశ్వతంగా చార్టు ఉండదు. పాత మిక్సీ, పనిచేయని ఫ్యాన్, విరిగిన బొమ్మ కారు ఇంట్లో ఉంటే పారేయకండి, ల్యాబ్‌కు పంపండి. కరెంటు పాయింటులో ప్లగ్ పెట్టేటప్పుడు, సోల్డరింగ్ ఐరన్ వాడేటప్పుడు పెద్దవాళ్లు తప్పకుండా పక్కన ఉండాలి. చేయి వేయకుండా పక్కన ఉండటం కష్టమని నాకు తెలుసు, మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు.

ఆ ఎనిమిదో తరగతి నాన్నగారికి: మీ అబ్బాయి టీమ్ గీత వెంట నడిచే రోబో చేస్తోంది. మూడు వారాలుగా ఎడమ చక్రం మధ్యలో ఆగిపోతోంది. కారణం నాకు దొరికింది, వాళ్లకు ఇంకా దొరకలేదు. ఈ శనివారం వాడు దాన్ని ఇంటికి తెస్తానన్నాడు. దయచేసి బాగుచేయించి పంపకండి.